జానెడు అతుకు

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆ పెద్దమనిషికి పాత స్టంట్ గాలిపటాలంటే పిచ్చి. మామూలు గాలిపటానికి ఒకటే తాడు, వీటికి రెండు, చేతికొకటి. ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి తిరిగి ఆకాశంలో పల్టీలు కొడతాయి. ఇంట్లో ఒక గది నిండా అవే. భార్య బట్టలకి మాత్రం తలుపు వెనక మేకులే గతి.

ఆ గదిలో లేనిది ఒక్కటే, చెల్లెలి మొగుడి దగ్గరున్న ఎర్రది. అలాంటివి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. దానిమీద ఈయన కన్నుపడి ఏళ్లయింది. "నా తర్వాత నీదేలే బావా" అని నవ్వేవాడు గోడలకి రంగులేసే ఆ బావ. అన్నట్టే పోయాడు.

చెల్లెలు దాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది.

"కర్ర విరిగింది అన్నయ్యా, బాగుచేసిపెట్టు. ఆయన ఎగరేసినట్టే ఒక్కసారి ఎగరేస్తాను. ఆ తర్వాత నువ్వే ఉంచుకో."

ముఖం దిగాలుగా పెట్టాడు గానీ లోపల గంతేశాడు. సిగ్గుండాలి.

కర్ర మార్చాడు. చిరుగు కుట్టాడు. తర్వాత తాళ్లు రెండూ ఒకే మేకుకి తగిలించి లాగి చూశాడు. ఈ ఆటలో మొదటి పాఠమే అది, రెండిటికీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఎడమది జానెడు పొడుగుంది. చివర ఏదో అతుకు, వికారమైన ముడి. "బావకి ఈమాత్రం కూడా రాలేదు" అని గొణుక్కుంటూ ముడి దగ్గర కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు.

ఆదివారం మైదానంలో గాలి బాగుంది. చెల్లెలు తాళ్ల చివరి పిడులు అందుకుని, ఎడమ మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి నిలబడింది. గాలిపటం లేచీ లేవగానే ఎడమకి తిరిగి నేలకేసి కొట్టుకుంది. మళ్లీ లేపాడు. మళ్లీ అంతే.

"చెయ్యి చాపవే!" అని విసుక్కున్నాడు.

"ఆయన చాపేవారా? నిచ్చెన మీంచి పడ్డాక ఆ చెయ్యి సాగలేదు కదా. ఇలాగే నిలబడేవారు. ఆయనకి ఎగిరింది, నాకెందుకు పడుతోంది?"

అప్పుడు వెలిగింది. చెయ్యి వెనక్కి ఉంటే ఆ తాడు తక్కువవుతుంది. ఆ లోటు పూడ్చడానికే జానెడు అతుకు. ఇన్నేళ్లూ తను బావ పక్కనే నిలబడ్డాడు. చూపంతా గాలిపటం మీదే గానీ, ఆ చేతిని ఒక్కనాడు చూస్తేనా!

"తాళ్లు సమానం చేశానమ్మా."

"ముడేది?"

"క్షణంలో కొత్త అతుకు వేసిస్తాను."

"ఒక చేత్తో, పళ్లతో బిగించారది. సాయం పడతానంటే నన్ను కసిరారు. ఏదన్నయ్యా?"

చెత్తబండి ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది.

తిట్టినా పడేవాడు. ఆమె తిట్టలేదు. తాళ్లు పిడులకి నిదానంగా చుట్టి, ఎర్రదాన్ని అతని చేతుల్లో పెట్టింది.

"తీసుకో. ఇక ఇది నీదే. ఆయనది ఇందులో ఏం మిగల్లేదు."

దుప్పటి మాత్రం మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.