గట్టు మీద నిలబడిన అమ్మ

నానిన బొరుగులను రెండు చేతులా పిండుతూ కుళ్ళాయమ్మ గడియారం వైపు చూసింది. హిందూపురం బస్సు వచ్చేలోపల ఉగ్గానికి తిరగమాత పెట్టాలి, బజ్జీల పిండి కలపాలి, కూతురు యామినిని లేపాలి. పెనుకొండ బస్టాండు దగ్గర వాళ్ళ హోటల్లో ఉగ్గాని తిన్నవాళ్ళు 'బాలప్ప చేతిలో ఏముందోనబ్బా' అని పొగిడిపోతారు. బాలప్ప నవ్వుతూ చిల్లర తీసిస్తాడు. మీ ఆమె ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే ఉంటాది" అంటాడు.

"ఈపొద్దన్నా పాపను లోతు నీళ్ళల్లోకి పంపుతారంటనా?" అన్నాడు బాలప్ప పొయ్యి ముట్టిస్తూ. "లేదంటే ఇంతటితో మాన్పించు. ఆదివారం గిరాకీ పొద్దు నువ్వు పోయి ఆడ కూచుంటే ఈడ నాకు చేతులు ఆడకుండా ఉండాయి."

ఈత నేర్పించాలని పట్టుబట్టింది ఆమే. రొద్దం దిక్కు పొలాల్లో తవ్విన నీటికుంటలో ఎవరి బిడ్డో జారిపడిందని విన్నప్పటి నుంచి ఆమెకు కునుకు పట్టలేదు. బాలప్ప ఒప్పుకున్నాడు గానీ, "ఏమన్నా అయితే నీదే పూచీ" అని ఒప్పుకున్నాడు. ధర్మవరంలో ఉండే ఆడబిడ్డ ఫోన్‌లో నవ్వింది. "ఆడపిల్లకు ఈతేంది వదినా, సముద్రం పక్కన సంబంధమేమన్నా చూసినావా?"

అందుకే ప్రతి ఆదివారం హిందూపురం స్విమ్మింగ్ పూల్ గట్టు అంచున, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని నిలబడేది కుళ్ళాయమ్మ. తనకు ఈత రాదు. అయినా ఏదన్నా జరిగితే దూకెయ్యాలనుకునేది. పిల్ల నడిమికి చేరగానే "బిన్నా రా పాపా, బిన్నా రా" అని అరిచేది. ఎంత తొందరగా గోడ పట్టుకుంటే అంత తొందరగా ఈమె గుండె కుదుటపడేది.

ఈత నేర్పే ఝాన్సీ మేడమ్ మాత్రం నిదానంగా ఈదమనేది. "బిరబిరా పోతే ఎవురైనా తేలతారక్కా, ఊపే మోస్తాది. నిదానంగా పోయేటప్పుడు గూడా ఒళ్ళు నీళ్ళ మీద సాపుగా పరుచుకోవల్ల. అది రాకుండా లోతుకు పంపితే, అలుపొచ్చినప్పుడు యాడ నిలబడతాది?"

ఆ రోజు యామిని వేగంగా ఒకసారి చక్కగానే ఈదింది. తర్వాత నిదానంగా ఈదమన్నారు. నాలుగు బారలు వేసిందో లేదో తల పైకి లేచింది, నడుము కిందికి జారింది, కాళ్ళు వేలాడాయి. చేతులు నీళ్ళను తపతపా కొట్టసాగాయి. మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. ఝాన్సీ గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, ఏమనుకోవద్దు. ఊపిరికి మొగం పక్కకు తిప్పుకుంటే చాలు. మీ పాప తలెత్తి చూస్తాండాది. తల లేస్తే కాళ్ళు మునుగుతాయి."

"ఏం చూస్తాది?"

"మిమ్మల్నే. బిరబిరా పోయేటప్పుడు చూసేకి టైం ఉండదు. ఎందుకు తలెత్తుతావని అడిగితే, 'మా అమ్మ భయపడతాంటాది మేడమ్, నేను బాగుండానని చూపియ్యల్ల కదా' అనింది."

యామిని బడి ఆటోలో పోతూ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపకపోతే తాను అలిగిన పొద్దులు కుళ్ళాయమ్మకు గుర్తొచ్చాయి. పిల్ల స్నానానికి పోయినా తలుపవతల నుంచి "ఉండావా పాపా" అని అడగడం, "ఉండా మా" అని అది జవాబివ్వడం. అదంతా ప్రేమే అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ భయంలో సగం బిడ్డ కోసం కాదు. రేపు బాలప్పకు, ఆడబిడ్డకు, ఊరికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని. ఆ సగాన్ని తెలియకుండానే పన్నెండేళ్ళ పిల్ల మెడ మీద పెట్టింది. తానైనా అంతే కదా. ఉగ్గాని నోట్లో పెట్టుకునే మొగుడి ముఖం చూడకుండా ఒక్కపూటన్నా వంట ముగించిందా? ముఖాలు చూస్తూ బతకడంలోని అలుపు ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. అయినా బిడ్డకూ అదే నేర్పింది.

"ఇంకొక్కసారి ఈదించు మేడమ్. నేను గేటు బయట ఉంటా."

చెప్పులు వేసుకొని బయటికి నడిచింది. గోడకు ఆనించిన సిమెంటు బెంచీ మీద కూర్చుంది. లోపల విజిల్ మోగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తపతపలు లేవు, అరుపులు లేవు. సరిగ్గా ఈదితే నీళ్ళు పెద్దగా చప్పుడు చెయ్యవని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో యామిని ఆమె కళ్ళ ముందు ఎన్నిసార్లు మునిగిందో. కుళ్ళాయమ్మ రెండుసార్లు లేచింది, గేటు దాకా పోయింది, తిరిగొచ్చి కూర్చుంది.

చాలాసేపటికి గేటు తెరుచుకుంది. యామిని తడి జుట్టుతో, వచ్చే వారం లోతు నీళ్ళల్లో ఈదబోతున్నానని పక్క పిల్లకు చెబుతూ, బెంచీ వైపు చూడకుండానే బస్టాపు దిక్కు నడిచిపోయింది. నోటిదాకా వచ్చిన పిలుపును కుళ్ళాయమ్మ మింగేసింది. ఇన్నేళ్ళూ తన కోసం వెనక్కి తిరిగిన ముఖమే తప్ప, అట్లా ముందుకు పోయే బిడ్డ వీపును ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.