నలభై ఒకటో రిక్వైర్‌మెంట్

యాదగిరి ఎక్కిన లిఫ్టు నూట పన్నెండో అంతస్తు దాటుతోంది. మా భవనానికి ఉన్నవి ఆరంతస్తులే.

పొద్దున తొమ్మిదింబావుకి టిఫిన్ డబ్బా పట్టుకుని కింద ఎక్కాడు. మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. తలుపు పైనున్న ఎర్ర అంకె ఆరు దగ్గర ఆగలేదు. ఏడు అయింది, ఎనిమిది అయింది. ఆఫీసులో ఎవరూ తలెత్తి చూడటం లేదు.

ఆ లిఫ్టును నడిపే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేది మేమిద్దరమే, నేనూ యాదగిరీ. లిఫ్టుల కంపెనీ తనకేం కావాలో వరసగా రాసి ఇస్తుంది. ఒక్కో రిక్వైర్‌మెంట్ ఎదురుగా, అది నెరవేరిందో లేదో తేల్చే టెస్ట్ కేసు పేరు రాసి షీటులో జత కలపడం మా పని. జత లేని గడి ఎర్రగా ఉంటుంది. కలిపితే ఆకుపచ్చ అవుతుంది.

శుక్రవారం సాయంత్రానికి ఒక్క గడి మిగిలింది. నలభై ఒకటి: లోపలి మనిషి నొక్కిన అంతస్తులో లిఫ్టు ఆగాలి.

"అరగంట ఆగు కుసుమా, టెస్ట్ రాసి నడిపిస్త" అన్నాడు యాదగిరి. నాకు ఇంటికెళ్లే తొందర. దాన్ని తీసుకెళ్లి, పేరూ పాస్‌వర్డూ సరిచూసే లాగిన్ టెస్టుకి తగిలించేశాను. మిగిలిపోయినవన్నీ ఆఫీసులో అందరం దానికే తగిలిస్తాం, అదొక్కటి ఎప్పుడూ పాసవుతుంది కాబట్టి. తప్పు నాదే, ఇంకెవరి మీదా తోసెయ్యను.

ఫోను మోగుతుంది.

"ఆరు ఒత్తుతున్న కుసుమా. ఒత్తినప్పుడల్లా పేరు, పాస్‌వర్డ్ అడుగుతున్నది. చెప్తున్న. స్వాగతం యాదగిరి గారూ అంటున్నది. మళ్ల మీదికే పోతున్నది."

"ఎలా ఉన్నావు?"

"చెవులు మూసుకపోయినయ్. ఉప్మా తిన్న. నువ్వే ఏదన్న చెయ్యి."

అతని గొంతు మామూలుగానే ఉంది. ఫోను పెట్టేసి లేస్తాను.

మా టీమ్ లీడ్ ప్రభావతి గారి సీటు దాకా నడవడానికి ఇవాళ పదకొండు నిమిషాలు పడుతుంది. ఆవిడ కిటికీలోంచి లిఫ్టు గోడ కనిపిస్తోంది. మా డాబా మీంచి లేచి మబ్బుల్లోకి పోయింది. సిమెంటు ఇంకా తడిగా ఉంది.

"నలభై ఒకటి జత విప్పాలండీ. యాదగిరి లోపల ఇరుక్కున్నాడు."

"ఆకుపచ్చగా ఉంది కదమ్మా. విప్పితే ఎర్రబడుతుంది. క్లయింటుకి నేనేం చూపించను?"

"మనిషి పోతున్నాడండీ!"

"పోతున్నాడు. కానీ పాసవుతూనే పోతున్నాడు కదా."

ఆవిడతో వాదించి లాభం లేదు. నా సీటుకి వచ్చి, చెప్పాపెట్టకుండా ఆ జత విప్పేస్తాను. కొత్త టెస్ట్ కేసు రాస్తాను. లోపలి మనిషి ఆరు నొక్కాలి. లిఫ్టు ఆరో అంతస్తులో ఆగాలి. తలుపు తెరుచుకుని ఒక మనిషి బయటికి రావాలి.

చివరి గడిలో ఫలితం రాయాలి. టెస్టు నడిపించాకే రాయాలి. నడిపించాల్సినవాడు లోపల ఉన్నాడు, ఫోను అందడం లేదు. ఎర్ర అంకె నాలుగు వేలు దాటింది. అతనొచ్చి నడిపించేదాకా ఎవరాగుతారు? పాస్ అని రాసేస్తాను.

లిఫ్టు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. అచ్చం యాదగిరిదిలాంటి గళ్ల చొక్కా వేసుకుని ఒక మనిషి బయటికి వస్తాడు. ముఖం ఉండాల్సిన చోట తెరిచిన అరచేయి ఉంది. నేరుగా వెళ్లి యాదగిరి కుర్చీలో కూర్చుంటాడు.

ప్రభావతి గారు పదకొండు నిమిషాలు నడిచి వచ్చి అతన్ని చూస్తారు. "ఒక మనిషి అని రాశావు. ఒక మనిషి వచ్చాడు" అంటారు మెచ్చుకోలుగా. అక్కడికక్కడే షీటు మీద సంతకం పెట్టి క్లయింటుకి పంపేస్తారు. సంతకం పడ్డ షీటును ఇక ఎవరూ దిద్దలేరు.

ఫోను మళ్లీ మోగుతుంది.

"జర సేపు ఆగింది కుసుమా. తలుపు తెరుచుకున్నది. నాకంటె ముందు ఎవడో దిగిండు, నేను దిగేలోపల మూసుకున్నది."

"నీతో ఇంకెవరున్నారు?"

"ఎవ్వరు లేకుండె."

లైను తెగిపోతుంది. నాకు ఏడుపొస్తుంది, ఏడుస్తాను. తర్వాత వెళ్లి ఆ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముఖం చోట ఉన్న అరచేతిని దగ్గరగా చూస్తాను.

అందరి చేతుల్లో ఉండే గీతలే ఉన్నాయి. ఒకటి మాత్రం గడ్డం దగ్గర మొదలై నిటారుగా పైకి పెరుగుతోంది. చెవి ఆనిస్తే లోపల ఎవరో బటన్ నొక్కుతూనే ఉన్న చప్పుడు, చాలా దూరంగా.

గీత కొసకి అడ్డంగా నా వేలు పెడతాను. గోరువెచ్చటి కదలిక ఒక్క క్షణం ఆగుతుంది. వెంటనే నా గోటి కిందికి దూరి, వేలి కణుపులు దాటి, మణికట్టు ఎక్కుతుంది.

అలాగైనా యాదగిరి దిగుతాడేమోనని నేను చెయ్యి కిందికి వేలాడదీస్తాను. గీత మోచేయి దాటి మీదికే వస్తోంది.