అక్కకిచ్చిన సీసా

అతిమధురం వేళ్ల నుంచి సారం తీయడంలో పద్దెనిమిదేళ్ల అనుభవం నాది. మొహానికి మెరుపు తెచ్చే క్రీముల్లో కలుపుతారు దాన్ని. చర్మం వడలిపోకుండా కాపాడుతుందని పేరు. తనను తాను మాత్రం కాపాడుకోలేదు, వెలుతురు తగిలితే పాడైపోతుంది. అందుకే మా ల్యాబు కిటికీలకు నల్లకాగితం, సారానికి ముదురురంగు సీసాలు. పొరపాటున ఎవరైనా తెల్ల గాజు సీసాలో పోస్తే చెడామడా తిట్టేవాణ్ని.

నన్ను పెంచిన మా అక్క యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. బుగ్గల నిండా మంగు మచ్చలు. ఫోటో అంటే చాలు, పక్కకి తప్పుకునేది. రిటైరయ్యే రోజున అందరికీ కలిపి ఫోటో తీసి కుట్టుగది గోడకి తగిలిస్తామన్నారట. రెండు నెలల ముందే నా దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఊళ్లో అందరి మొహాలకీ మెరుపులు పెడతావు. ఈ ఒక్కసారి నా మొహం సంగతి కూడా చూడరా."

సారం బంగారు రంగులో తేటగా దిగింది. ముదురు సీసాలో పోస్తే ఆ రంగు అక్కకెలా కనిపిస్తుంది? తమ్ముడి పనితనం చూసి మురిసిపోవద్దూ? నా బుద్ధి గడ్డి తిని, తెల్ల సీసాలో పోసిచ్చాను.

నిజంగానే మురిసిపోయింది. నలుగురికీ కనపడాలని కిటికీలో, తన మిషను పక్కనే పెట్టుకుంది. రంగు తిరిగినా, వాసన మారినా, మావాడు చేసిందంటూ రోజూ రాసుకుంది. ఫోటో ముందురోజుకి బుగ్గలు కందిపోయి పొక్కాయి.

"ఏమైందిరా దీనికి?" అంటూ సీసా తెచ్చి చూపించింది.

చూడగానే తెలిసిపోయింది. తప్పు నాదే.

"నీ చర్మానికి పడలేదక్కా" అన్నాను.

"పోనీలేరా. నా మొహమే అంత" అని నవ్వింది.

నెల తిరిగేసరికి బుగ్గలు మానాయి. అక్క మర్చిపోయిన కత్తెర తేవడానికి మొన్న ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. గోడ మీద ఫోటోలో ముప్పైమంది నవ్వుతున్నారు. రెండుసార్లు వెతికినా అక్క కనపడలేదు.

"మీ అక్కే కదండీ ఫోటో తీసింది" అంది కత్తెర ఇచ్చినావిడ. "ఎంత బతిమాలినా నిలబడలేదు. మీరు నించోండి, నేను తీస్తానని ఫోను లాక్కున్నారు."

ఇంటికొచ్చి కత్తెర చేతిలో పెట్టగానే అక్క ఆత్రంగా అడిగింది.

"గోడ మీద ఫోటో చూశావట్రా? బాగా తీశానా?"

"బాగుందక్కా" అన్నాను. తప్పు నాదని అప్పుడు కూడా చెప్పలేకపోయాను.