హినోసావా పాట పాడిన గొట్టం

నేను ఒక గొట్టాన్ని. మీరు లౌడ్‌స్పీకర్ అంటారు, మైకు అంటారు. జపాన్‌లో హినోసావా అనే కొండపల్లెలో మాత్రం నన్ను ‘అదిగో, అది’ అనేవారు. రేకుతో, కాస్త అయస్కాంతంతో ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారుచేశారు. నాతో పుట్టినవాటిలో కొన్ని రైల్వే స్టేషన్లకు వెళ్లి పెద్ద ఉద్యోగాలు చేశాయి. నన్ను ఈ ఊరి పంచాయతీ ఆఫీసు వెనక ఇనప స్తంభానికి బిగించారు. నిప్పంటుకున్నా, వరదొచ్చినా ఊరిని హెచ్చరించడం నా పని. చాలా ఏళ్లు నిప్పూ అంటుకోలేదు, వరదా రాలేదు. ప్రభుత్వోద్యోగం కాబట్టి పని కల్పించారు. ఎలుగుబంటి కనబడిందనీ, పళ్ల డాక్టరు ఈ వారం రావడం లేదనీ నాచేత చెప్పించారు. సాయంత్రం ఐదింటికి ఊరి పాట వేయించారు.

అక్కడ చాలా పల్లెలకు సొంత పాట ఉంటుంది. తమ కొండ, తమ ఏరు, తమ కూరగాయ లోకంలో అన్నిటికన్నా గొప్పవని ఆ పాట చెబుతుంది. పక్క ఊరి పాట కూడా అదే చెబుతుంది. ఇందులో ఇబ్బందేమిటో ఎవరికీ తోచినట్టు లేదు.

మా ఊరి పాట రాసింది గెంజిరో మాస్టారు. బడిలో అందరికీ చదువు చెప్పిన మనిషి; భార్య ఫుమితో ఏటిగట్టు మీద ఉండేవారు. పాడింది హత్సుకో; సోయా పాలతో చేసే టోఫు అనే పన్నీరు ఆవిడ అంగడిలో అమ్మేది. రికార్డు చేసిననాడు ఒక దీర్ఘం తగ్గిందని మాస్టారు ఆవిడ చేత పొద్దుగూకేదాకా పాడించారు. అంగడిలో ఆ రోజు టోఫు అంతా పులిసిపోయింది. అప్పటినుంచి ఇద్దరూ ఎదురుపడితే మర్యాదగా నమస్కారం పెట్టుకునేవారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

‘మంచు ముందు మా కొండకే, ముల్లంగి తీపి మా నేలకే, టోమి నది మా గడప ముందు తల వంచుకుని పోతుంది’ అని ఆ పాట మొదలవుతుంది. నది అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఒక శరదృతువులో తుపాను వచ్చింది. మధ్యాహ్నానికి టోమి నది ఎర్రబడి గట్టు అంచుకు చేరింది. పంచాయతీ గుమాస్తా ఒగావా మైకు ముందు కూర్చుని కాగితం చదివాడు. “గౌరవనీయులైన గ్రామస్థులకు విజ్ఞప్తి. నది నీటిమట్టం పెరుగుతున్న దృష్ట్యా, వీలున్నవారు ఎత్తైన ప్రదేశాలకు తరలివెళ్లే విషయాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాము.” నేను శక్తికొద్దీ అరిచాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎలుగుబంటి గురించీ, పళ్ల డాక్టరు గురించీ ఇదే గొంతుతో ఇన్నేళ్లు చెప్పాను మరి. వాళ్లను అని ఏం లాభం?

హత్సుకో నిలువునా తడిసి ఆఫీసులోకి వచ్చింది. మైకు తెరిచే ఉండడంతో వాళ్ల మాటలు నాలోంచే ఊరంతా వినబడ్డాయి.

“ఏంటయ్యా ఆ చదవడం? పెళ్లికి పిలుస్తున్నావా?”

“పైవాళ్లు రాసిచ్చిందే చదవాలండీ.”

“మాస్టారి ఇల్లు గట్టు మీదే ఉంది. ఫుమిగారు మంచం దిగలేరు. తలుపు కొట్టి కొట్టి వచ్చాను. ‘ఈ ఏరు నాకు తెలుసు, పో’ అన్నారు మాస్టారు లోపల్నుంచి. లే, జరుగు.”

ఆవిడ పాడింది. రికార్డులోని సన్నటి గొంతు కాదది. బొంగురుగా, వణుకుతూ ఉంది. మొదటి రెండు పాదాలూ ఉన్నవున్నట్టే పాడింది. మూడోది మార్చేసింది. “టోమి నది తలెత్తింది, మన గడప తొక్కుతోంది, గుడి మెట్లెక్కండి, గుడి మెట్లెక్కండి!”

అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ప్రాణభయంతో కాదు. పాట చెడగొట్టినందుకు నిలదీద్దామని. గొడుగులు వేసుకుని వీధిలోకి వచ్చినవాళ్లు, మడమల మీదికి నీళ్లు రావడం చూసి, కోపం సంగతి మరిచిపోయారు.

అందరికన్నా ముందు బయటికి వచ్చింది మాస్టారు. గొడుగు కూడా లేదు. “తలెత్తింది ఏంటి? తల వంచుకుని పోతుంది! నా మాట మార్చడానికి అదెవత్తి?” అని నా వైపు చెయ్యి ఎత్తి అరుస్తూ మూడడుగులు వేశారు. నాలుగో అడుగు మోకాలి లోతు నీళ్లలో పడింది. ఆయన కిందికి చూశారు. ఏటి వైపు చూశారు. తర్వాత ఆ వయసులో ఎవరూ పరుగెత్తరనుకున్నంత వేగంగా ఇంట్లోకి పరుగెత్తారు. ఒగావా, మరో ఇద్దరు వెళ్లేసరికి ఫుమిని వీపున వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముల్లంగులు మోసే తోపుడుబండిలో ఆవిడను కొండ మీది గుడికి చేర్చారు. హత్సుకో మాత్రం ఆఫీసులోకి నీళ్లు వచ్చి కరెంటు పోయేదాకా పాడుతూనే ఉంది. చీకటి పడకముందే మాస్టారి ఇల్లు, టోఫు అంగడి, నా స్తంభం, అన్నీ ఏట్లో కలిశాయి. మనుషులు ఒక్కరూ పోలేదు.

వరద తగ్గాక నన్ను బురదలోంచి తీసి, తుడిచి, ఏటికి అవతల ఎత్తున ఉన్న కమిదా ఊరి బడిలో తగిలించారు. మా వాళ్లు ఆ బడి హాల్లోనే చాపల మీద పడుకుంటున్నారు. కమిదా వాళ్లకూ మా వాళ్లకూ తాతల నాటినుంచి మాటల్లేవు. అయినా పెద్ద గుండిగలతో చారు తెచ్చి గిన్నెల్లో పోశారు. అందరూ తిన్నారు. అప్పుడు కమిదా ఆడవాళ్లు లేచి నిలబడి, మా వాళ్లకు ఊరట కలగాలని, పాట అందుకున్నారు. అది హినోసావా పాట. ఐదింటికి నేను అరిచిన అరుపు ఇన్నేళ్లూ ఏరు దాటి వాళ్ల వంటిళ్లలోకి వెళ్తూనే ఉందట.

మూడో చరణంలో ‘కమిదాకు సూర్యుడు మేం వాడుకున్నాకే వెళ్తాడు’ అని ఉంది. అది దగ్గరపడేకొద్దీ మా వాళ్లు ఒక్కొక్కరే చాప వైపు చూడడం మొదలుపెట్టారు. కమిదా వాళ్లు ఆపలేదు. ఆ పాదాన్ని మరింత గట్టిగా పాడారు.

హత్సుకో మాస్టారి పక్కకు జరిగి మెల్లగా అడిగింది. “మాస్టారూ, ఆ ముక్క మార్చేద్దామా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇప్పుడెలా మారుస్తామమ్మా,” అన్నారు. “వాళ్లకు నోటికొచ్చేసింది.”