శారాను అడిగినవారు లేరు

సారపాకలో కూలీ కుటుంబాలు కట్టుకున్న రేకుల చర్చికి కొత్త పాస్టరు కావాలి. ఖమ్మంలో బైబిలు చదువు ముగించిన రాందాసు ఆ ఆదివారం వాక్యం చెప్పి మెప్పిస్తే పని అతనిదే. కొడుకు ప్రసంగం వినాలని తల్లి హేమ్లి, చెప్పకుండానే, దమ్మపేట దగ్గరి తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది. అద్దాల లంగా, చేతినిండా తెల్లగాజులు, చంకలో రొట్టెల మూట. ఆమె ఇంకా లంబాడీల గురువు సేవాలాలుకు మొక్కే మనిషి.

గుమ్మంలో సంఘపెద్ద చెంచురామయ్య, "ఎవరు బాబూ ఈమె?" అన్నాడు.

"మా తండా మనిషండీ." ఆ మాట ఎలా వచ్చిందో రాందాసుకే తెలియదు. హేమ్లి విన్నది. విని, చడీచప్పుడు లేకుండా వెనక చాప మీద కూర్చున్నది.

ఖర్మ కాకపోతే, అతను సిద్ధం చేసుకొచ్చింది అబ్రాహాము కథ. ఐగుప్తు దేశంలో, ఆమె అందం కోసం తనను చంపుతారని భయపడి, కట్టుకున్న శారాను చెల్లెలని చెప్పిన కథ. శారా అతని తండ్రికి పుట్టిన కూతురే కాబట్టి అది అబద్ధం కాదు, సగం నిజం దాచడమేనని కొందరు పండితులన్నారు. భార్యను చెల్లెలిగా స్వీకరించే ఆచారం అప్పట్లో ఉండేదని మరికొందరు. ఇలాంటిదే అబ్రాహాము కొడుకు ఇస్సాకు పేరుతో కూడా ఉంది కాబట్టి, ఒకే కథ పలుచోట్ల చేరిందని ఇంకొందరు. రాందాసు అన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ తన తరఫున తానే వకాల్తా పుచ్చుకున్నట్టనిపించింది.

వాక్యం అయ్యాక ఎవరైనా ప్రశ్న అడగవచ్చన్నారు. హేమ్లి లేచింది.

"సారూ, గిన్ని చెప్పినవ్ గదా. మరి శారా ఏమన్నది? పక్కనే ఉండె గద."

కన్నతల్లి సారూ అంటే రాందాసుకు తల కొట్టేసినట్టయింది. "అక్కడ ఆమె మాట రాయలేదు" అన్నాడు.

"ఏమంటది? మొగుని పరువు కోసం నోరు మూస్కున్నది" అంది చెంచురామయ్య భార్య ప్రమీల. ఆడవాళ్ళంతా నవ్వారు. హేమ్లి కూడా నవ్వింది. ఆ నవ్వు చూడలేక రాందాసు అన్నాడు:

"ఈమె నన్ను కన్నతల్లి."

నవ్వులు ఆగిపోయాయి. "మరి పొద్దున తండా మనిషంటివేంది?" అన్నాడు చెంచురామయ్య.

"నేనే గట్ల చెప్పమన్న అయ్యా" అంది హేమ్లి గబగబా. "నా బట్టలు జూసి మీరేమనుకుంటరోనని. పిల్లగాని తప్పేం లేదు."

చెంచురామయ్య తలాడించాడు. రాందాసు ఊరుకుంటే చాలు, పని దక్కేది. ఆమె వేసిన ముసుగు కింద హాయిగా దాక్కోవచ్చు.

"అమ్మ చెప్పమనలేదు. నాకే సిగ్గయింది" అన్నాడు రాందాసు.

హేమ్లి ముందుకొచ్చి గొంతు తగ్గించి కసిరింది. "నేను సర్దుతనే ఉంటి గదరా! నడుమ నీకేం పుట్టింది?"

రాందాసు ఆమె చంకలోని రొట్టెల మూట అందుకున్నాడు.