రాళ్ల మీద బార్లీ

లుబ్నా వాళ్లకు మిగిలిన పొలం పేరు గాడిదమెడ. పొలం అనడం మర్యాద కోసమే. ఒక కొండవాలు, దాని నిండా రాళ్లు, రాళ్ల సందుల్లో కాస్త మట్టి, ఆ మట్టిలో నాలుగు ఆలివ్ చెట్లు, మిగతా చోట నానమ్మ నాయిఫా చల్లే బార్లీ.

ఎదురుగా పడమటి కొండ మీద ఇజ్రాయెల్ వాళ్లు వచ్చి కట్టుకున్న ఎర్ర పెంకుల ఇళ్లు. ఆ కొండ ఒకప్పుడు తాతది, అంజూరపు తోట. సైన్యం వచ్చి దారికి అడ్డంగా మట్టి పోసింది. నాలుగేళ్ల తరవాత మళ్లీ వచ్చి, నాలుగేళ్లుగా ఇక్కడెవరూ సేద్యం చెయ్యలేదు కాబట్టి ఇది ప్రభుత్వ భూమి అంది. తాత ఆ మట్టి కుప్ప సంగతి చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు.

ఆ చట్టం నిజానికి వాళ్లది కాదు, టర్కీ సుల్తాన్‌ది. మూడేళ్లు బీడు పెడితే నేల సుల్తాన్‌దైపోతుంది. సుల్తాన్ పోయాడు. ఇంగ్లీషు వాళ్లు వచ్చి పోయారు. జోర్డాన్ రాజు వచ్చి పోయాడు. ఇజ్రాయెల్ సైన్యం వచ్చింది, ఇంకా ఉంది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఎవరూ పారెయ్యకుండా దాచుకున్న సామాను ఆ చట్టం ఒక్కటే.

ఇప్పుడు గాడిదమెడ వంతు. ఎదురు కొండకు కాపలా చూసే ఎల్కానా అనే అతను అది బీడు అని ఫిర్యాదు పెట్టాడు. విమానం నుంచి ఫొటో తీస్తారని, అందులో సగానికి మించి రాళ్లే కనబడితే పొలం పోయినట్టేనని వకీలు చెప్పాడు.

లుబ్నా రమల్లాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. వారాంతానికి ఇంటికొచ్చి, లాప్‌టాప్‌లో ఉపగ్రహం తీసిన బొమ్మ తెరిచి చూపించింది.

"ఇదేంటే, పొయ్యిలో బూడిదలా ఉంది?" అంది నానమ్మ.

"మన గాడిదమెడే, పైనుంచి."

"నా బార్లీ ఏది?"

"అదే వాళ్లూ అడుగుతున్నారు."

బాబాయి ముతజ్ వ్యాన్ నడుపుతాడు, సలహాలు ఉచితంగా ఇస్తాడు. "రాళ్లకి ఆకుపచ్చ రంగేసేద్దాం. మా బావమరిది దగ్గర మసీదు తలుపులకి వెయ్యగా మిగిలిన డబ్బా ఉంది."

"ముందు నీ వ్యాన్‌కి వెయ్యరా, తుప్పు కనబడదు," అంది నానమ్మ.

చలికాలమంతా ముగ్గురూ గాడిద మీద మట్టి మోసి రాళ్ల సందులు నింపారు. బార్లీ మామూలుకంటే ఒత్తుగా చల్లారు. ఏప్రిల్‌కల్లా లుబ్నా పిక్సెళ్ల లెక్క తేలింది. మట్టి మాత్రమే లెక్కేస్తే సగం రాదు. కానీ వెన్నులు బరువెక్కి పక్కనున్న రాళ్ల మీదికి వాలితే పైనుంచి చూసేవాడికి రాయి కనబడదు. అప్పుడు సగం దాటుతుంది, అదీ బొటాబొటీగా. అంటే విమానం వచ్చేదాకా చేను అలాగే నిలబడి ఉండాలి.

"ఈ నెల్లోనే వస్తుందట. అందాకా కొయ్యకు నానమ్మా."

"పండిన చేను కొయ్యకుండా వదిలేస్తే ఊరంతా నేను పోయాననుకుని పరామర్శకొస్తారు."

"రానీ. కాఫీ పోద్దాం."

"ఆ విమానమేమైనా బార్లీ తింటుందా?"

"నానమ్మా."

నానమ్మ మాట్లాడలేదు. లుబ్నా దాన్ని ఒప్పుకోవడం అనుకుంది. ఆ ఇంట్లో పుట్టి అంత చదువుకున్న పిల్ల చెయ్యాల్సిన పొరపాటు కాదు అది.

శుక్రవారం పొద్దున గాడిదమెడ ఎక్కేసరికి కింది రాళ్ల సందుల్లో కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు. బార్లీ మొత్తం కోసేశారు. బాబాయి కొడవలి వెనక్కి దాచుకున్నాడు.

"నన్ను చూడకే. ఆవిడ మొదలెట్టింది. తల్లి ఎండలో వంగి కోస్తుంటే నేను వ్యాన్‌లో కూర్చుని పాటలు వినాలా?"

లుబ్నా గట్టు మీద కూలబడింది. వకీలుకు ఏం చెప్పాలో ఆలోచించింది. 'పంట పండింది కాబట్టి బీడయింది' అన్న వాక్యం ఎటు తిప్పి చూసినా బాగుపడలేదు.

పైన నానమ్మ కోసిన పనల్ని రాళ్ల మీద పలచగా పరుస్తోంది. ఒక్కో పరుపు మీద నాలుగైదు చిన్న రాళ్లు బరువుకి పెడుతోంది. ఏటా చేసే పనే. ఈసారి పంట ఎక్కువ కాబట్టి పరిచే రాళ్లు చాలక పొలం ఎల్లదాకా వెళ్లింది.

అప్పుడే ఎల్కానా లోయ దాటి వచ్చాడు. భుజాన తుపాకీ, చేతిలో నీళ్ల సీసా. అతని అరబ్బీ వంటింట్లో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది.

"ఏంటిది, పెద్దమ్మా?"

"బార్లీ."

"రాళ్ల మీదా?"

"మరి నీ పెంకుల మీద వెయ్యనా? దగ్గరైతే అక్కడే వేసేదాన్ని."

"నేల మీద ఆరదా?"

"ఆరుతుంది, ఎలుకలు మిగిలిస్తే. రాయి వేడికి రెండ్రోజులు చాలు. మీవాళ్లెక్కడ ఆరబెట్టేవాళ్లు?"

"మాది ఇక్కడే."

"అది సరేలే నాయనా. మీ అమ్మమ్మ వాళ్లది?"

ఎల్కానా సీసా మూత తీసి, మళ్లీ పెట్టాడు. "కాసాబ్లాంకాలో, అరబ్బుల మధ్యే. కానీ మూడు వేల ఏళ్ల కిందట ఇక్కడే ఆరబెట్టుకున్నాం."

"అయితే రాళ్ల సంగతి తెలిసుండాలే."

అతను జవాబు చెప్పేలోగా చిన్న విమానం ఒకటి దక్షిణం నుంచి వచ్చి, గాడిదమెడ మీదుగా తిన్నగా వెళ్లి, తిరిగి తిన్నగా వచ్చింది. నలుగురూ తలెత్తి చూశారు. గాడిద చూడలేదు. లుబ్నా తల దించి, రాళ్ల మీది పనల్ని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూసింది. పెదాలు కదులుతున్నాయి. బాబాయి ప్రార్థన అనుకున్నాడు. గుణకారం.

మూడు వారాలకు వకీలు ఫోన్ చేశాడు.

"నూటికి ఎనభై వంతులు సాగులో ఉందని వచ్చింది. ఎల్కానా మళ్లీ అభ్యంతరం పెట్టాడు, అదంతా మోసమని. నాకూ అర్థం కాలేదమ్మా, అక్కడ మట్టే లేదు కదా. రాతి మీద ఏం పండించారు?"

"పండించలేదు. ఆరబెట్టాం."

"ఆ ముక్క నేను వినలేదు."

"వినమను," అంది నానమ్మ పక్కనుంచి. "దాచడానికేముంది? రాయి లేకపోతే ఎక్కడ ఆరబెడతాను? నాతోపాటు అదీ పొలం పనే చేస్తోంది. ఆ సుల్తాన్ ఎవడో బార్లీ తిన్నవాడే అయితే వాడికీ తెలుసు."

వకీలు ఈ మాటనే సుల్తాన్‌ను తీసేసి, మూడు పేజీలకు పెంచి పంపాడు. జులైలో జవాబు వచ్చింది: ప్రస్తుతానికి గాడిదమెడ జోలికి రావడం లేదు. ప్రస్తుతానికి అంటే ఎన్నాళ్లని లుబ్నా అడిగింది. ఇంకో విమానం వచ్చేదాకా, అన్నాడు వకీలు.

ఆ తరవాతి శుక్రవారం ఎదురు కొండకు లారీ నిండా గడ్డి మోపులు వచ్చాయి. ఎర్ర పెంకుల ఇళ్ల కింద ఎవరిదో ఇంకా తేలని వాలు ఒకటుంది, అదీ రాళ్లే. కుర్రాళ్లు మోపులు విప్పి ఆ రాళ్ల మీద పరుస్తున్నారు. ఎల్కానా మధ్యలో నిలబడి చెయ్యి చూపిస్తున్నాడు.

నానమ్మ ఆలివ్ చెట్టు కింద కూర్చుని చాలాసేపు చూసింది.

"బరువు పెట్టట్లేదు."

"వెళ్లి చెప్పిరానా?" అన్నాడు బాబాయి.

"కొండ ఇచ్చాం. చాలు."

మధ్యాహ్నం రోజూలాగే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. గడ్డి మొదట కాస్త కదిలింది. తరవాత పరుపులు పరుపులుగా లేచి, లోయ దాటి, గాడిదమెడ మీద రాలింది. ఆలివ్ కొమ్మల్లో, గట్ల మీద, లుబ్నా జుట్టులో కూడా. అవతల కుర్రాళ్లు చేతులు చాపి కాసేపు వెంటపడి, లోయ అంచున ఆగిపోయారు.

నానమ్మ ఒక పుల్ల తీసి కొరికి చూసింది. "గోధుమ గడ్డి. మంచిదే." లేచి, ఒడి దులుపుకుని గంప అందుకుంది. "పోయిన కొండ నుంచి ఇన్నాళ్లకి ఏదో ఒకటొచ్చింది. ఏరండర్రా."

గాడిద అప్పటికే మొదలుపెట్టింది.