ఆరో వాక్యం

పొద్దున మంచం మీది తడి తువాలు తీసి దండెం మీద ఆరేస్తుంటే మా ఆయన గుమ్మంలో ఆగి, "ఇది కూడా నీ బ్లాగులో పెడతావా?" అన్నాడు, ఎందుకో నవ్వుతూ. పెట్టేశాను, పోయిన వారమే. "పదహారేళ్లుగా ఈ తువాలు తీస్తున్నాను, ఒక్కనాడూ దానికి కాళ్లొచ్చి దండెం దాకా నడవలేదు" అని. ఆ టపాలో మిగతాదంతా నా గురించే. పెళ్లికి ముందు నా తడి తువాలు మా అమ్మ తీసేది. ఆవిడకి నడుం నొప్పని తెలిసీ చూడనట్టు పోయేదాన్ని. అదే సిగ్గుపడుతూ రాసుకున్నాను. ఆయన ఆఫీసులో ఎవరో ఆ తువాలు వాక్యాన్ని ఒక్కదాన్నే ఫొటో తీసి ఆయనకి పంపారు. మిగతా వాటి జోలికి ఎవరూ పోలేదు, ఆయనతో సహా.

"నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు ఆయన ఆ రోజే. "ఇంటి గుట్టు రచ్చకెక్కించడానికా నీ చదువు?" అన్నారు అత్తయ్య. ఆడపడుచు ఫోన్ చేసి, "వంటలవీ రాసుకో వదినా, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అంది. నిజమే, వండేదాన్ని నేనే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. ఎనిమిదేళ్లుగా భోజనం వేళ వెనకగదిలో, ఖాళీ డబ్బాల మధ్య కూచుని బ్లాగు రాస్తున్నాను. చదివేవాళ్లు రెండొందల మంది ఉంటారేమో. మొదటి టపా నుంచీ చదువుతున్న ఆవిడ ఒకరున్నారు, రిటైరైన టీచరు. ఎప్పుడూ కలుసుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం బ్లాగు తెరిస్తే ఆవిడ కామెంటు. "ఆరో వాక్యం నువ్వు రాసింది కాదమ్మా. ఇన్నేళ్లలో నీ నోట ఇలాంటి మాట వినలేదు. ఇంట్లో అంతా బాగానే ఉందా?"

చూశాను. తువాలు వాక్యం లేదు. దాని చోట, "మావారి సంపూర్ణ సహకారం లేనిదే నేను ఈ స్థాయికి చేరుకునేదాన్ని కాదు" అని ఉంది. ఇంట్లో కంప్యూటర్లో నా బ్లాగు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొద్దుటి నవ్వు అప్పుడు అర్థమైంది.

ఒళ్లు మండింది. కాసేపటికి, చెప్పొద్దూ, గర్వంగా కూడా అనిపించింది. నా మొహం ఎరగని మనిషి నా గొంతు గుర్తుపట్టింది. పదహారేళ్లు నా చేతి తిండి తిన్న మనిషి మాత్రం, ఆ వాక్యం నాదిగా చెల్లిపోతుందనుకున్నాడు.

సాయంత్రం అడిగితే బుకాయించలేదు. "ఒక్క వాక్యమేగా. బాగానే కలిసిపోయింది."

"టపా మొత్తం చదివావా?"

"టైమెక్కడిది?" అని, కాస్త బెరుగ్గా, "తీసేస్తావా?" అన్నాడు.

"తియ్యను" అన్నాను. ఆయన మొహం వెలిగింది. టీవీ పెట్టుకున్నాడు.

పాస్‌వర్డ్ మార్చాను. తువాలు వాక్యాన్ని దాని చోట తిరిగి పెట్టాను. ఆయన వాక్యాన్ని అక్షరం ముట్టుకోకుండా టపా చివరికి దించి, దాని కింద ఇలా రాశాను: "పై వాక్యం మా ఆయన రాసింది. పదహారేళ్లలో నా పనిలో ఆయన ఒక చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి."